ఎడమచేతి ముడి

ఫారం తొమ్మిది. ఇంటి చిట్టా. నలభై రోజులు.
రోగి: నూకాలు, ఇరవై ఒకటి. నాలుగో తేలువాడ వల షెడ్డులో వల అల్లే పని.
రాసేవారు: ఎల్లాజీ, భర్త, ఇరవై మూడు. అదే షెడ్డులో తాళ్ళు పేనే పని.
గమనిక: వివరం ఒక్క వాక్యంలో రాయవలెను.

ఆ గమనిక రాసినవాళ్ళకి ముందే చెబుతున్నాను. ఒక్క వాక్యంలో రాయను.

రోజు 1

నిన్న వైద్య గదిలో జరిగింది ముందు రాస్తాను. లేకపోతే ఈ చిట్టా ఎందుకో తెలియదు.

నూకాలుకి మూర్ఛ ఉంది. చిన్నప్పుడు కిందపడి కొట్టుకునేదట. మందు మొదలుపెట్టాక అది పోయింది. ఇప్పుడు వచ్చేది వేరే రకం. చూపు ఒకచోట నిలిచిపోతుంది. పెదాలు చప్పరిస్తుంది. చేతులు అప్పటిదాకా ఏ పనిలో ఉన్నాయో ఆ పనినే చేస్తూ ఉంటాయి. నిమిషం, నిమిషన్నర. తరవాత ఆమెకి ఏమీ గుర్తుండదు. మా ఇంట్లో దాని పేరు ఊరెళ్ళడం. పెళ్ళైన కొత్తలో "ఊరెళ్ళొచ్చావా?" అని అడిగేవాణ్ణి. "ఎల్లొచ్చినాను, నీకేటీ తేలేదు" అని నవ్వేది.

మూర్ఛలు లెక్కపెట్టడానికి వైద్య గదివాళ్ళు ఆమె చేతికి కట్టిన కడియానికి మాత్రం ఊరెళ్ళడం కనబడదు. ఒళ్ళు కొట్టుకుంటే కనబడుతుంది, గుండె పరుగెత్తితే కనబడుతుంది. కదలకుండా వలవైపు చూస్తున్న మనిషిని చూసి 'ప్రశాంతం' అని రాసుకుంటుంది. తొంభై రోజులుగా సున్నా అని రాసుకుంది. తొంభై రోజులు సున్నా అయితే మందు సగం చేస్తారు. ఇంకో నలభై రోజులు సున్నా అయితే పూర్తిగా ఆపేస్తారు. మా వాడలు నీళ్ళమీద తేలేవి, గట్టు మీదనుంచి మందు పడవలో రావాలి కాబట్టి, అవసరం లేనివాళ్ళకి ఇవ్వరట. ఎవరికి అవసరం లేదో కడియం చెబుతుంది.

డాక్టరు సుభద్రగారు తెరమీదనుంచి చూపు తిప్పకుండానే అడిగారు. "ఈ మూడు నెలల్లో ఏమైనా వచ్చాయామ్మా?"

నూకాలు ఆలోచించి చెప్పింది. "లేవండి. బాగానే ఉన్నానండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. తోడు వచ్చినవాళ్ళు నిలబడటానికి నేలమీద పసుపు గీత ఉంటుంది. గీత దాటకూడదు, మాట్లాడకూడదు. నేను రెండూ చేశాను. "ఉన్నాయండీ! వారానికి రెండు! నేను చూశాను!" అన్నాను. గది అటెండరు వరహాలమ్మ నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. ఆమె పట్టు చూస్తే గతంలో పడవలు లాగిన మనిషిలా ఉంది. సగం మందు, ఈ ఫారం చేతిలో పెట్టి పంపించారు.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఎందుకలా చెప్పేవు?"

"మరేటి సెప్పమంటావు? నాలుగు నెల్లయి నా వల ఒక్కటీ తప్పుందని తనికీ నించి తిరిగి రాలేదు. నాను ఊరెల్తే వల తిరిగొచ్చీది కదా. మందు తగ్గించీస్తారని నువ్వే అబద్దమాడీసినావనుకున్నాను మావా."

వల తిరిగి రాకపోవడానికి కారణం వేరే ఉంది. అది వైద్య గదికి సంబంధించింది కాదు.

రోజు 3

ఉదయం నీళ్ళు పట్టేటప్పుడు. వాననీళ్ళు పట్టే గుడ్డ కింద బిందె నిండి, పొర్లి, బల్లలమీదుగా పారుతోంది. ఆమె చెయ్యి బిందె అంచుని తుడుస్తూనే ఉంది. నిమిషం. కడియం ఆకుపచ్చగా వెలుగుతోంది. ప్రశాంతమట!

ఆమెకి చెప్పలేదు. ఈమధ్య చెప్పడం మానేశాను. చెబితే ముఖం వాడిపోతుంది.

రోజు 5

ఉప్పుచేప పొట్లానికి చుట్టివచ్చిన కరపత్రం ఒకటి దొరికింది. పాత ఫారాల వెనకవైపున అచ్చు వేస్తారు. ఇలాంటివి ఇప్పటికే నా దగ్గర ముప్పై ఆరు ఉన్నాయి. ఈ దానిలో మూడో పేరా: "మనిషి నోటిమాటకన్న యంత్రం అంకెకు విలువ కట్టే సమాజం, తన నోటిని తానే కుట్టుకుంటుంది." దాన్ని తలుపు లోపలివైపు అంటించాను.

నూకాలు చదివి, "ఇది అంటించీడానికి నా గిన్నిలోంచి అంబలి తీసీనావేటి?" అంది.

రోజు 9

మందు వరుస. వరహాలమ్మ చీటీలు చూస్తోంది. నా వంతు వచ్చాక, కడియం పట్టని మూర్ఛలు ఉంటాయని గట్టుమీద ఏ డాక్టరూ చదువుకోలేదా అని అడిగాను. నలుగురికీ వినబడేలాగే అడిగాను.

ఆమె గొంతు తగ్గించి అంది. "ఓరబ్బాయ్, అరవకు. మూడో వాడలో పైడమ్మ మొగుడేటి సేసినాడో తెలుసా? కడియం తీసి మేక మెడకి కట్టీసినాడు. మేక గెంతులేసింది. వారం తిరక్కుండా మందు రెట్టింపు."

"అబద్ధం చెప్పమంటారా?"

"మేకని సెప్పమంటన్నాను. నువ్వు సెప్పక్కర్లేదు."

వరుసలో అందరూ నవ్వారు. నాకు అసహ్యం వేసింది. మందుకోసం మేక గెంతాలి. మనిషికి జబ్బు ఉందని మేక సాక్ష్యం చెప్పాలి. దొంగ గెంతులతో నిలబెట్టిన అంకెల మీద ఈ వైద్యం నడుస్తోంది, అది అందరికీ తెలుసు, అందరూ నవ్వుతున్నారు. నేను ఆ పని చెయ్యనని, నా దగ్గర ఉన్నది నిజమని, నిజంతోనే తెచ్చుకుంటానని చెప్పి వచ్చేశాను.

"పెద్దదొస్తే కడియమే పట్టీస్తాది బాబూ," అంది వరహాలమ్మ వెనకనుంచి. ఓదార్పుగానే అంది.

షెడ్డులో నూకాలు కూర్చునే చోటు నీటి అంచున. అక్కడ పెద్దది వస్తే కడియం పట్టుకుంటుంది, నిజమే. ఆమెను పట్టుకునేది ఎవరు?

రోజు 12

ఒకటి. అన్నం తింటూ.

రోజు 13

ఒకటి. వల దగ్గర.

రోజు 16

ఇవాళ రెండు. సగం మందు సగం పనే చేస్తుందని తెలుసుకోవడానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

రెండోసారి ఆమె వలకి కట్టే బెండ్లు అందుకోవడానికి అంచుమీద వంగి ఉంది. చూపు నిలిచిపోయింది. కింద నీళ్ళు. నేను తాళ్ళ దగ్గరనుంచి పరుగెత్తి చీరకొంగు పట్టుకున్నాను. తెలివి వచ్చాక, అందరూ చూస్తూండగా కొంగు పట్టుకున్నందుకు సిగ్గుపడి నన్ను తిట్టింది.

సాయంత్రం నేను పేనిన తాడునే ఆమె నడుముకి కట్టి, రెండో కొస స్తంభానికి కట్టబోయాను.

"మేకనేటి నాను? ఇప్పు ముందు!"

"పడిపోతావు నూకాలూ."

"నాలుగు నెల్లయి రాని జబ్బు నీ పుస్తకంలోనే వొస్తంది! రోజూ ఏటి రాస్తన్నావో అందులో!"

విప్పేశాను. పుస్తకం చూస్తానని ఆమె అడగలేదు. చూపిస్తానని నేనూ అనలేదు.

రోజు 22

మధ్యలో పరీక్ష. చిట్టా పట్టుకుని వెళ్ళాను. గీత వెనకే నిలబడ్డాను. నోరు మూసుకునే నిలబడ్డాను, అది గమనించవలసిందిగా కోరుతున్నాను. ఫారం మాత్రం చెయ్యిచాచి వరహాలమ్మకి ఇచ్చాను, ఆమె డాక్టరుగారికి ఇచ్చింది.

సుభద్రగారు మొదటి పేజీ చూశారు, చివరి పేజీ చూశారు. ఎన్ని పేజీలో లెక్కపెట్టారు. చదవలేదు.

"ఇది సాక్ష్యం కింద రాదు, ఎల్లాజీ."

"మీరే రాయమన్నారు కదండీ!"

"రాయమంటాం. ఇంట్లోవాళ్ళకి మనసు తేలికపడుతుందని. ఆప్తుల చిట్టాని యంత్రం తీసుకోదు. మందు తగ్గిస్తే ప్రతి ఇంట్లోనూ రోజుకు పది మూర్ఛలు రాస్తారు."

మనసు తేలికపడటానికట! ఇరవై రెండు రోజులుగా నేను నూకాలు చూపు నిలిచిన క్షణాలు లెక్కపెడుతున్నది, వీళ్ళ దృష్టిలో పిల్లవాడు గిలక్కాయ ఆడించడం లాంటిది. ఆ తరవాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. తలుపుకి అంటించిన కరపత్రం మొత్తం అప్పజెప్పాననుకోండి. గీత కూడా దాటాను. వరహాలమ్మ వచ్చింది.

తలుపు దగ్గర ఉండగా డాక్టరుగారు అన్నారు. ఆవిడ కళ్ళకింద నల్లగా ఉంది. ఎనిమిది వాడలకీ ఆవిడ ఒక్కరే. "నాకు నమ్మకం లేక కాదు. యంత్రంలో ఎక్కించడానికి నాకేదైనా కావాలి. మీ బంధువు కాని మనిషి, తన పనిమీద, తేదీ వేసి రాసిన కాగితం. అలాంటిది ఏదైనా ఉంటే పట్టుకురండి."

రోజు 23

నిన్న డాక్టరమ్మ అన్నమాట నేను కోపంలో వినలేదు. నూకాలు విన్నది.

పొద్దున్నే అంబలి తాగుతూ అంది. "మావా, అప్పన్న మావ తిరుగు చీటీల పుస్తకం ఉంది కదా."

తెలియనివాళ్ళకోసం: అల్లిన ప్రతి వలనీ షెడ్డు తనిఖీదారు అప్పన్న చూస్తాడు. ఊరెళ్ళినప్పుడు నూకాలు చేతులు ఆగవు. కానీ వలకి కొత్త కన్ను కట్టవు, కట్టిన ముడిమీదే మళ్ళీ ముడి వేస్తాయి, దానిమీద ఇంకోటి. నిమిషానికి పది ముళ్ళ చొప్పున ఒక్కచోటే గడ్డ కట్టేస్తుంది. అలాంటి వలకి అప్పన్న తేదీ వేసి, కారణం రాసి, చీటీ కట్టి వెనక్కి పంపేవాడు. ఆ చీటీలకోసమే ఆమెను చేతకాని పనిమనిషి అనేవాళ్ళు.

"అప్పన్న మావ మనకి సుట్టం కాదు. పనిమీద రాస్తాడు. తేదీ ఏస్తాడు. నీ మాటే నిజమైతే అందులో ఉండాల కదా? ఉంటే నాను ఒప్పుకుంటాను. లేపోతే నువ్వొప్పుకో."

ఆమెకి పుట్టిన ఆలోచన అది. ముప్పై ఏడు కరపత్రాలు చదివిన నాకు పుట్టనిది. పుట్టనివ్వనిది.

ఆ పుస్తకంలో నాలుగు నెలలుగా ఏమీ లేదు. లేకుండా చేసింది నేను.

రోజు 24

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

వేసవి మొదట్లో ఒకే వారంలో మూడు వలలు తిరిగివచ్చాయి. షెడ్డులో ఎవరో నవ్వారు. నూకాలు ఆ మూడు వలలూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ మర్నాటినుంచి, తనిఖీకి వల మోసుకెళ్ళే పని నేను తీసుకున్నాను. దారిలో తాళ్ళ గది ఉంది. అక్కడ కూర్చుని, వల అంతా వేళ్ళతో తడిమి, గడ్డకట్టిన ముళ్ళు విప్పి, ఆ వల కళ్ళు మళ్ళీ కట్టి, అప్పుడు అప్పన్నకి ఇచ్చేవాణ్ణి. ఆమెకి చెప్పలేదు. ప్రేమ అనుకున్నాను.

తను ఊరెళ్ళినట్టు ఆమెకి తెలియడానికి ఉన్నది ఆ చీటీ ఒక్కటే. అది నేను పీకేశాను. నోటితో చెప్పడం కూడా మానేశాను. అందుకే వైద్య గదిలో ఆమె నిజాయితీగా "లేవండి" అంది. సగం మందు నా సంపాదన.

కడియాన్ని తిట్టాను. డాక్టరుని తిట్టాను. మేకను కూడా తిట్టాను. కడియానికి కళ్ళు లేవు. నాకున్నాయి.

ఈ రాత్రి ఆమెకి అంతా చెప్పాను. బెండ్లు సైజులవారీగా వేరుచేస్తూ కూర్చుంది. వేరుచేసినవి మళ్ళీ కలిపేసింది.

"నా సెయ్యి కుదురుకుందనుకున్నాను," అంది చివరికి. "నాలుగు నెల్లు. అమ్మకి కూడా కబురంపినాను, నా సెయ్యి కుదురుకుందని."

నేను క్షమించమనలేదు. ఆ మాట అడిగే మొహం లేదు.

"ఏ సేత్తో కట్టినావు?" అంది ఉన్నట్టుండి.

"ఏంటి?"

"ఇప్పినవి మళ్ళీ కట్టినావు కదా. ఏ సేత్తో?"

నాది ఎడంచేతి వాటం. షెడ్డులో ఎడంచేతివాళ్ళకి వల ఇవ్వరు, తాళ్ళే ఇస్తారు. ఎడమచేత్తో వేసిన ముడి రెండోవైపు వాలుతుంది, నేను విప్పి కట్టిన ప్రతిచోటా అది తెలిసిపోతుంది.

నూకాలు లేచి కొంగు దోపుకుంది. "తెల్లారగానే పద, అప్పన్న మావ కాడికి. గోదాం తాళం ఆయన దగ్గిరే ఉంది."

చేపల గుడ్ల కాలమని వేట ఇంకా మొదలుపెట్టనివ్వలేదు. నాలుగు నెలల వలలూ, తేదీ బిళ్ళలతో సహా, గోదాంలోనే ఉన్నాయి.

రోజు 25

అప్పన్నకి అరవై దాటాయి. వల తనిఖీ చేసేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. నేను నిలబడి చెప్పడం మొదలుపెట్టాను: శ్రమజీవి దేహం మీద యంత్రం పెత్తనం గురించి, సత్యం గురించి. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఒరే, నీ ఉపన్నేసం ఆపు. నాకు తెల్దనుకున్నావేటి? నాను ఏళ్ళతో సూసినోణ్ణి. మొదటి వల్లోనే తెలిసిపోనాది, ఎవుడో ఎడంసేతోడు ముట్టుకున్నాడని. ఈ షెడ్డుకి ఎడంసేతోడివి నువ్వొక్కడివే."

"మరి ఎందుకు రాయలేదు మావా?"

"ఆ పిల్ల ఏడుపు సూళ్ళేక."

దాచినవాళ్ళం ముగ్గురం. కడియం ఒకటి, నేనొకణ్ణి, ఈయనొకడు. మాలో ఇద్దరం జాలితో చేశాం. కడియానికి ఆ సాకు కూడా లేదు. ఎవరి పని ఎక్కువ అసహ్యంగా ఉందో నాకు తేలడం లేదు.

"ఇప్పుడు రాయి మావా," అంది నూకాలు.

"రాస్తే ఈడికి శిక్ష పడతాది గుంటా. ఎడంసేతి ముడి దాసి పంపినందుకు. నాకూ పడతాది, ముద్రేసినందుకు."

"నువ్వు ముద్రేసింది నా మీద కూడా మావా. నాకేటీ లేదని ఏసినావు." ఆమె గొంతు పెంచలేదు. "నాను నీళ్ళలో పడిపోతే ఆ రోజు ఏటి రాస్తావు? వల బాగుంది, మనిషి లేదు అని రాస్తావా?"

అప్పన్న తాళం చెవి తీశాడు.

రోజు 26

గోదాంలో రోజంతా. నూకాలు వలలు ఒక్కొక్కటీ పరిచింది. అప్పన్న కళ్ళు మూసుకుని వేళ్ళు నడిపించాడు. ఎడమచేతి ముడి తగిలినప్పుడల్లా "ఇక్కడ" అన్నాడు. నూకాలు అక్కడ ఎర్రనూలు కట్టింది. బిళ్ళమీద తేదీ నేను చదివాను. రాసింది అప్పన్న. నన్ను రాయనివ్వలేదు, ఆప్తుణ్ణి కదా.

ముప్పై నాలుగు చోట్ల.

సాయంత్రం గోదాం నేలంతా వలలు. నూకాలు వాటిమధ్య నిలబడి ఎర్రనూలు పోగులు చూస్తోంది. వంగి ఒకదాన్ని ముట్టుకుంది, ఇంకోదాన్ని ముట్టుకుంది.

"ఇన్నిసార్లు ఎల్లొచ్చినానా మావా?"

"వెళ్ళొచ్చేవు."

"నువ్వు ప్రతిసారీ సూసినావా?"

"చూశాను."

"ఒక్కసారైనా సెప్పకపోనావు."

రోజు 31

ఒకటి. వల దగ్గర. తెలివి రాగానే చెప్పాను. ముఖం వాడిపోయింది. అయినా, "ఎంతసేపు?" అని అడిగింది. నిమిషంపైన అని చెప్పాను. తలూపి పని మొదలుపెట్టింది.

రోజు 35

షెడ్డు కమిటీ పిలిచింది. అప్పన్నకి హెచ్చరిక. నాకు ఈ సీజను అంతా షెడ్డులో అడుగుపెట్టరాదని తీర్పు. కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాకపోవడం ఇదే మొదటిసారి.

రోజు 40

వైద్య గది. పసుపు గీత వెనక ఇవాళ ఇద్దరం, నేనూ అప్పన్నా. ఆయన చంకలో ఒక వల, చేతిలో నాలుగు పేజీలు, ప్రతి పేజీకీ తనిఖీ ముద్ర.

డాక్టరుగారు ఈసారి చదివారు. తేదీలు చదువుతూ వేలితో కిందికి జరుగుతున్నారు. మధ్యలో ఆగి, "ఎడమచేతి ముడి అంటే?" అన్నారు.

నేను నోరు తెరిచాను. నూకాలు నావైపు చూసింది. మూసుకున్నాను.

ఆమె వల తీసి బల్లమీద పరిచి చూపించింది. ఇది నా ముడండి, ఇలగ వాలతాది. ఇది మా ఆయన ముడి, అలగ వాలతాది. నాను ఊరెల్లిన చోటల్లా ఆయన ముడి ఉంటాది. డాక్టరుగారు వేలితో తడిమి చూశారు. ఆ గదికి నేను వెళ్ళడం మొదలుపెట్టాక, ఆవిడ తెరనీ కాగితాలనీ కాకుండా వేరేదాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

యంత్రం ఎక్కించుకుంది. కానీ మూలం ఏమిటో రాయమంది. మనిషి అని రాస్తే తీసుకోలేదు. రోగి అని రాస్తే తీసుకోలేదు. భర్త అని రాయడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. చివరికి డాక్టరుగారు నిట్టూర్చి, "పరికరం: వల" అని కొట్టారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. పూర్తి మందు, ఇవాళ్టినుంచే.

అంటే ఈ లోకంలో నూకాలు మాట చెల్లదు, నా మాట చెల్లదు, నార తాడు మాట చెల్లుతుంది. అదే చెప్పబోయాను. వరహాలమ్మ ముందుగానే వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది, ఈసారి మెత్తగా. "మేకకన్నా వల నయం కదేటి బాబూ?" అంది. నయమే. సిగ్గుచేటు మాత్రం అంతే.

ఈ చిట్టా ఎల్లుండి తీసుకుని, చూసి తిరిగి ఇచ్చేస్తామన్నారు. అక్కర్లేదు, ఫైల్లోనే ఉంచండి. ఎవరైనా ఎప్పుడైనా చదవవలసివస్తుంది.

రోజు 41

ఫారంలో ఈ రోజుకి గడి లేదు. అంచున రాస్తున్నాను.

అప్పన్న ఆమెను నీటి అంచునుంచి షెడ్డు మధ్యకి మార్చాడు. అక్కడ గాలి లేదని ఆమె పొద్దుటినుంచి అందర్నీ తిడుతోంది. నేను గడప బయట కూర్చున్నాను, లోపలికి రానివ్వరు కాబట్టి. ఇక్కడ పసుపు గీత లేదు. ఉన్నా దాటను.

పూర్తి మందు పట్టడానికి వారం పడుతుందట. మధ్యాహ్నం ఆమె ఊరెళ్ళింది. చూపు నిలిచింది, చెయ్యి ఆగలేదు. ముడిమీద ముడి, దానిమీద ముడి. నా ఎడమచెయ్యి దానంతటదే లేచింది. దాన్ని తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాను.

కళ్ళతో నన్ను వెతుక్కుంటూ తిరిగివచ్చింది.

"ఊరెళ్ళొచ్చావా?" అన్నాను, షెడ్డంతా వినబడేలా.

ఒక్క క్షణం ముఖం వాడింది. తరవాత వల ఎత్తి, గడ్డకట్టినచోట వేలు పెట్టి, పెదాలు కదుపుతూ తనే లెక్కపెట్టుకుంది.

"పదకొండు," అంది. "రాసుకో మావా."

పదకొండు. అక్కడ ఎర్రనూలు కట్టుకుంది. ముళ్ళు అలాగే ఉన్నాయి.